సనా: ఒక చీటీ

మూడో అంతస్తు. ఉలాన్‌బాతర్. జనవరి.
బొగ్గుపొగ దిగొచ్చి కిటికీకి ఆనుకుని కూచుంటుంది
మా ఆఫీసులో ఇంకో గుమాస్తాలా.
నేను దులమ్‌సురెన్‌ని. నిఘంటువుకు టైపు కొడతాను,
వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులతో.
'స' దగ్గర చిక్కుకుని ఇది పదకొండో వారం.

గొంబోజవ్ గారు కళ్ళజోడు తుడుచుకుని చెప్పారు:
"సనా. నామవాచకం. మనిషి మనసులో ఉండేది."
కొట్టాను. చుక్క పెట్టాను.
చీటీలో ఇంకా నాలుగు వేళ్ళ ఖాళీ.

మనసులో ఉండేదట.
డబ్బాలో ఉప్పు ఉన్నట్టా?
అయితే నా జ్వరం రాత్రుల్లో మా అమ్మ
"నా సనా నొచ్చుకుంటోందే" అనేదేం?
తెల్లారి నా నుదురు చల్లబడితే
అదే సనా కాళ్ళు చాపుకుని పడుకునేదేం?
డబ్బాలో సరుకు నొచ్చుకోదు. కునుకు తీయదు.
ఒకరు గుర్తొస్తే సనాలోకి వచ్చారంటాం,
మరుపొస్తే సనాలోంచి వెళ్ళిపోయారంటాం,
తలుపెక్కడుందో ఎవరమూ చూడలేదు.
మాకు నిట్టూర్చడమంటే
సనాను జారవిడుచుకోవడం,
చేతిలోంచి పింగాణీ గిన్నె జారినట్టు.
ఇద్దరికి మాట కుదిరితే సనాలు కలిశాయంటాం,
వాగులు కలిసినట్టు కాదు,
మందలు కలిసినట్టు. పొద్దుగూకాక విడదీయడం కష్టం.

ఇదంతా ఆయనకు చెప్పాను.
"వాడుకలు కింద వేద్దాం. అర్థం పైన ఉండాలి" అన్నారు.
అర్థం కుర్చీలో,
వాడుక నేలమీద.

పోయిన జూన్‌లో వాడుకలు ఏరడానికి
న్యామ్‌సంబూ లారీలో దుండ్‌గొవి వెళ్ళాం.
దారి పొడవునా అతనిది ఒకే పాట, అదీ సగమే.
ఎండకు నేల పెంకులా మోగుతోంది.
త్సెరెన్‌ఖాండ్ అనే ఆవిడ గుడారం ముందు
నక్కరంగు గుర్రం. డెక్కలు చీలిపోయి,
మెడకు కొరికి తెంపుకున్న తాడుముక్క.
వసంతంలో దాన్ని సెలెంగ్‌కు అమ్మేశారట.
ఎన్ని ఏళ్ళు ఈదిందో, రైలుపట్టా ఎక్కడ దాటిందో,
నిన్న తెల్లవారుజామున వచ్చి నిలబడిందట.

"నుత్‌గా సనాద్ ఇర్సెన్" అందావిడ.
తన గడ్డినేల మీద ధ్యాస పుట్టి వచ్చింది, అని.
అంతకు మించి సంబరపడలేదు.
బకెట్టుతో నీళ్ళు పెట్టి,
కొన్నవాళ్ళకు డబ్బు తిరిగివ్వాలే అని గొణుక్కుంది.

నేను పెన్సిలు నాలిక మీద తడిపి అడిగాను:
"గుర్రానికి సనా ఉంటుందా, అక్కా?"
నన్ను ఎగాదిగా చూసింది.
"ఉంటుందో లేదో నాకేం తెలుసమ్మా,
లోపలికెళ్ళి చూశానా?
నలభై ఒక్క రోజులు దాని ముక్కు
ఎటు తిరిగి ఉందో అది తెలుసు."

ఆ మాట రాసుకున్న చీటీ
ఇవాళ గొంబోజవ్ గారి బల్ల ఎక్కింది.
ఎర్ర పెన్సిలు దానిమీద అడ్డంగా నడిచింది.
"గుర్రానికి మనసు లేదు. ఉదాహరణ చెల్లదు."
నేను వాదించలేదు.
పాల టీ మీద మీగడ కట్టింది. ఇంకా నలభై చీటీలున్నాయి.

ఐదయింది.
రోజూ లాగే ఆయన కుర్చీని ఉత్తరపు కిటికీకి తిప్పారు.
అక్కడ పొగ తప్ప ఏమీ కనబడదు.
అటు ఎవరున్నారనో, ఏముందనో
తొమ్మిదేళ్ళలో మేమెవరమూ అడగలేదు.
పెదవులు విడివడి ఊపిరి ఒకటి జారింది
మీసాల మీదుగా.
ఆయనకు వినబడినట్టు లేదు.

కొట్టేసిన చీటీని బుట్టలో వేయలేకపోయాను.
వెనక్కి తిప్పి మిషన్‌లో బిగించి
రెండో అర్థానికి అంకె కొట్టాను.
తర్వాత మాట రాలేదు.
చలికి బిగుసుకున్న రిబ్బన్ కదిలేదాకా
నేనూ ఎటో చూస్తూ కూచున్నాను.